మెస్ వెనక పిల్లి ఎవరిది?

కానూరు, గంగూరు, గుడవల్లి, నిడమానూరు, కృష్ణ దాటితే వడ్డేశ్వరం. వీటిలో ఏ ఊళ్లోనైనా ఓ కాలేజీ హాస్టల్‌కి రాత్రి ఎనిమిదింటికి వెళ్లి మెస్ వెనక గుమ్మం దగ్గర నిలబడండి. కంచాలు కడిగే తొట్టి పక్కన ఒకటి, మోటారు షెడ్డు రేకు మీద ఒకటి, ప్రహరీ గోడ మీద ఇంకోటి పిల్లులు కాచుకుని ఉంటాయి. ఏ రిజిస్టర్‌లోనూ వాటి పేరుండదు. మెస్ మెనూ మాత్రం కొత్తగా చేరిన విద్యార్థుల కంటే వాటికే బాగా తెలుసు. చికెన్ వండే ఆదివారం గోడ మీద జాగా చాలదు.

ఇన్నాళ్లూ ఇదో ముచ్చటగా గడిచిపోయింది. కుక్కల గొడవ వచ్చాకే పిల్లి సంగతీ ఆలోచించాల్సి వస్తోంది. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టులో జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా, జస్టిస్ ఎన్.వి. అంజారియాల ధర్మాసనం విద్యాసంస్థలు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి వీధికుక్కలను తీసేయమంది. ఆపరేషన్ చేసి టీకా వేశాక కూడా వాటిని తిరిగి అక్కడే వదలొద్దంది. ఆవరణకు కంచె ఉండాలి, బాధ్యత చూసే నోడల్ అధికారి ఉండాలి, స్థానిక సంస్థ మూడు నెలలకోసారైనా వచ్చి తనిఖీ చేయాలి. ఇదంతా కుక్కల గురించి. 2026 జనవరిలో అదే వ్యవహారం మీద వాదనలు నడుస్తుండగా ధర్మాసనం నుంచి ఓ చమత్కారం వినబడింది. కుక్కకీ పిల్లికీ పడదు, పిల్లి ఎలుకల్ని చంపుతుంది, కాబట్టి పిల్లుల్నే ప్రోత్సహిస్తే సరి అన్న అర్థంలో.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. చిక్కేమిటంటే మన కాలేజీ యాజమాన్యాల్లో చాలామంది నిజంగా నమ్మేదీ అదే. పిల్లి తిరుగుతుంటే స్టోరు రూములో బియ్యం బస్తాలు భద్రం అనుకుంటారు. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ముందు చూడాలి.

న్యూయార్కు నగరం బ్రూక్లిన్‌లో చెత్తను వేరుచేసే ఓ కేంద్రంలో ఎలుకలు గుంపులుగా ఉండేవి. అక్కడికి పిల్లులు కూడా వచ్చిపోయేవి. పరిశోధకులు కెమెరాలు పెట్టి 79 రోజులు కనిపెట్టి చూశారు. 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. పిల్లులు ఎలుకల మీద పడింది మూడంటే మూడుసార్లు, చంపింది రెండింటిని. పిల్లులున్న రోజుల్లో ఎలుకలు బయట తిరగడం తగ్గించి దాక్కున్నాయి. చూసేవాళ్లకు ఎలుకలు తగ్గాయనిపించేది అందుకే. పిల్లికి చిట్టెలుక ఇష్టం, పిట్ట ఇష్టం, బల్లి ఇష్టం. పావుకిలో తూగి పళ్లు చూపించే ఎలుకతో కలబడటం దానికి లాభసాటి బేరం కాదు.

మన డెల్టాలో కథ ఇంకా ముదురు. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ విజయవాడ మధ్యలోంచి పోతాయి. వాటి గట్ల నిండా బొరియలే. ఆ బొరియల దొరగారు పందికొక్కు. ‘బాండికూట్’ అనే ఇంగ్లీషు మాట మన పందికొక్కు లోంచే పుట్టింది, ప్రపంచ భాషలకు తెలుగు ఇచ్చిన అరుదైన కానుకల్లో అదొకటి, గర్వపడాలో సిగ్గుపడాలో తెలియదు. బాగా ముదిరిన పందికొక్కు కిలో దాకా తూగుతుంది. మూడు నాలుగు కిలోల పిల్లి దాన్ని చూసి పక్కకు తప్పుకోవడంలో పిరికితనం ఏమీ లేదు, లెక్క ఉంది. ఇక కంపుకొట్టే చుంచును చంపితే చంపుతుంది గానీ తినదు, తెచ్చి గుమ్మంలో పడేస్తుంది. పొద్దున్నే దాన్ని చూసిన వార్డెన్‌కి పిల్లి పనిచేస్తోందన్న భరోసా కలుగుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎలుకలు ఎక్కువైన హాస్టల్లో స్టోరు కీపరు ఊరుకోడు, బ్రోమడయోలోన్ బిళ్లలు తెచ్చి మూలమూలలా పెడతాడు. పొలాల్లో సామూహిక ఎలుకల నివారణకు వాడే మందే అది. తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు, రెండు మూడు రోజులు తూలుతూ తిరుగుతుంది. అలా తూలే ఎలుక పిల్లికి తేలిగ్గా దొరుకుతుంది. దాన్ని తిన్న పిల్లికి లోపల రక్తం గడ్డకట్టడం ఆగిపోతుంది. సమయానికి విటమిన్ కె1 అందితే బతుకుతుంది, లేకపోతే లేదు. ఎలుకల కోసం పిల్లిని ఉంచుకున్నామని ఒకపక్క చెబుతూ, రెండోపక్క ఎలుకలకు మందు పెట్టే చోట పిల్లి బలి. అలాగని ఎలుకల్ని వదిలేయనూ లేం. దివిసీమలో కొంత కాలం గడిపినవారికి ఎలుక వెనక ఏం వస్తుందో చెప్పక్కర్లేదు. 2018 ఆగస్టులో అవనిగడ్డ ఆస్పత్రి పాముకాటు కేసులతో నిండిపోయిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఎలుకల బెడదకు మందు ధాన్యం నిల్వలో, మురుగు మూతల్లో, తలుపు కింద సందుల్లో ఉంది. ఆ పని పిల్లి నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడం మన సోమరితనం.

మరి పిల్లులు ఎలుకల మీద బతకనప్పుడు దేని మీద బతుకుతున్నాయి? ఎంగిలి మీద. డెల్టాలో కాలేజీలు రెండు రకాలు. బందరులో 1843లో మొదలైన నోబుల్ కాలేజీ, విజయవాడలో 1937 నాటి ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కాలేజీ, 1953లో వచ్చిన ఆంధ్ర లయోలా వంటివి పాత తరహా. చెట్లు, మైదానాలు, స్టాఫ్ క్వార్టర్లు, సందుగొందులు. అలాంటి చోట పిల్లి కొంత వేటాడుతుంది, కొంత ఓ మేష్టారి ఇంటి వరండాలో తింటుంది, మధ్యాహ్నం ఏ కారు బానెట్ మీదో పడుకుంటుంది. రెండో రకం గత ముప్పై నలభై ఏళ్లలో లేచిన రెసిడెన్షియల్ కాలేజీలు. ఐదంతస్తుల హాస్టలు, వందలమంది పిల్లలు, చెట్టు లేదు, మట్టి లేదు, సన్‌షేడ్లు, వాటర్ ట్యాంకులు, ఓ పెద్ద మెస్. ఇక్కడ పిల్లి పూర్తిగా మెస్ మనిషే. ఎంతమంది పిల్లలు కంచంలో ఎంత వదిలేస్తారో దాన్నిబట్టి ఎన్ని పిల్లులు బతకాలో తేలిపోతుంది. పిల్లుల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఎందరు, చిరాకు ఉన్నవాళ్లు ఎందరు అన్నది ఆ లెక్కలోకి రాదు.

పెట్టేవాళ్లు పెట్టేదాంట్లోనూ పొరపాటుంది. పిల్లంటే పాలు, పెరుగన్నం అనే మనకు తెలుసు. తెనాలి రామలింగడు వేడి వేడి పాలు పోసి పిల్లికి పాలంటేనే భయం పుట్టించిన కథ చిన్నప్పుడు విని నవ్వుకున్నాం. ఈ ప్రాంతపు వాడే కాబట్టి కాస్త మనవాడన్న గర్వం కూడా. నిజానికి ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ కథలో పిల్లికి మేలే జరిగింది. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పదార్థం దాని ఒంట్లో చాలినంత తయారవదు, మాంసంలోంచి రావాల్సిందే. నెలల తరబడి సాంబారన్నం మీద బతికిన పిల్లికి చూపు పోవచ్చు, గుండె పెద్దదైపోవచ్చు. పిల్లి గుండెజబ్బుకూ టారిన్ లోటుకూ ఉన్న లంకె 1987లోనే బయటపడింది. ఉల్లిపాయ, వెల్లుల్లి దాని రక్తకణాలను దెబ్బతీస్తాయి, మన కూరల్లో అవి లేనిదేముంది? అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. పిల్లి నలతగా ఉందని జాలిపడి ఎవరైనా పారాసెటమాల్ ముక్క పెడితే అది ప్రాణాంతకం. హాస్టల్ మందుల డబ్బా మీద ఈ ఒక్క వాక్యం రాసి అంటించినా బోలెడు మేలు.

ఇక సంతానం. ఆడపిల్లి అయిదారు నెలలకే ఎదకొస్తుంది. మోసేది తొమ్మిది వారాలు. చలిదేశాల్లో పగలు కురచయ్యే శీతాకాలంలో పిల్లి కొన్ని నెలలు ఊరుకుంటుంది. మనకు పగటి పొడవులో పెద్ద తేడా లేదు, కాబట్టి సెలవు లేదు. సెమిస్టర్ మొదట్లో కడుపుతో ఉన్న పిల్లి సెమిస్టర్ పరీక్షల నాటికి పిల్లల చేత పాలు మాన్పించి మళ్లీ గండుపిల్లి కోసం అరుస్తుంటుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మనవాళ్లంటారు. హాస్టల్లో ఆ ఏడిళ్లు ఏవో మేం లెక్కపెట్టాం: లిఫ్టు గది, పాత జవాబు పత్రాల గుట్ట, కెమిస్ట్రీ ల్యాబు అటక, విరిగిన బెంచీల షెడ్డు, వాచ్‌మన్ మంచం కింద అట్టపెట్టె. మిగతా రెండూ మాకు దొరకలేదు.

ఇంత వేగంగా పుడుతుంటే ఆవరణ అంతా పిల్లులే ఎందుకు కావడం లేదు? చచ్చిపోతాయి కాబట్టి. అమెరికాలో నార్త్ కరోలినాలో బయట పుట్టిన 169 పిల్లికూనలను కనిపెట్టి చూస్తే ఆరు నెలలు నిండేలోపే 127 చనిపోయాయి, లేదా మాయమయ్యాయి. నూటికి 75. 2004లో అచ్చయిన లెక్క ఇది. కారణం తెలిసిన చావుల్లో గాయాల వల్ల పోయినవే ముందున్నాయి, అంటే కుక్కలు, బండ్లు. మన దగ్గర ఇలా ఎవరైనా లెక్క కట్టినా ఫలితం దీనికంటే మెరుగ్గా ఉంటుందని నేననుకోను. ముద్దుగా ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్న నాలుగు కూనల్లో మూడు మరుసటి సెమిస్టర్‌కి ఉండవు. పిల్లలు అడిగితే ఎవరో పెంచుకోవడానికి తీసుకెళ్లారని వాచ్‌మన్ చెబుతాడు, అది అతని మంచితనం.

ఇక్కడే కుక్కల ఉత్తర్వు పిల్లి మెడకు చుట్టుకుంటుంది. కోర్టు చెప్పినట్టు ఆవరణలోంచి కుక్కలన్నీ పోయాయనుకోండి. కూనలను కొరికి చంపేవి లేవు, మెస్ చెత్తకు పోటీ లేదు, కంచె కట్టడం వల్ల బయటినుంచి కొత్త కుక్క రాదు. కంచె పిల్లికి అడ్డం కాదు, కూర్చోవడానికి మరో చోటు. ఇది ఊహే, కానీ బలమైన ఊహ: రెండు మూడేళ్లలో మన క్యాంపస్‌లలో పిల్లులు ఇప్పటికంటే బాగా ఎక్కువవుతాయి. అప్పుడు ఈరోజు కుక్కల మీద పెడుతున్న అర్జీలే పిల్లుల మీద పెడతారు.

ఎక్కువయ్యాక ఏం చేయాలన్నదానికి మనకు అలవాటైన మార్గం గోనెసంచి. రాత్రిపూట పట్టి, సంచిలో వేసి, బండి మీద తీసుకెళ్లి ఏ కాలవ గట్టునో వదిలేయడం. ఆకలికీ దాహానికీ జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా. ఇప్పుడు దాంతో మెస్‌లో ఓ ప్లేటు ఇడ్లీ కూడా అనుమానమే. అదే చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325 కింద అయిదేళ్ల దాకా జైలు. చట్టం సంగతి అటుంచినా ఈ మార్గం పనిచేయదు. మెస్ వెనక ఎంగిలి ఉన్నంతకాలం ఖాళీ అయిన జాగాలోకి పక్క వీధి పిల్లి వచ్చి కూర్చుంటుంది.

పనిచేసిన మార్గాలు విశ్వవిద్యాలయాల్లోనే దొరుకుతున్నాయి. సెంట్రల్ ఫ్లారిడా విశ్వవిద్యాలయంలో 1991 నుంచి కొందరు ఉద్యోగులు, విద్యార్థులు ఆవరణలోని పిల్లులను పట్టి, ఆపరేషన్ చేయించి, తిరిగి అక్కడే వదిలి రోజూ తిండి పెట్టారు. మచ్చికైనవాటిని ఇళ్లకు పంపారు. పదకొండేళ్లలో 155 పిల్లులు వాళ్ల లెక్కలోకి వచ్చాయి. వాటిలో నూటికి 47 ఇళ్లకు చేరాయి. 1996లో 68 ఉన్నవి 2002 నాటికి 23 అయ్యాయి. మొదటి కొన్నేళ్ల తర్వాత ఆవరణలో ఒక్క కూన కూడా పుట్టలేదు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం కూడా ఇదే దారి పట్టింది, అక్కడ తొమ్మిదేళ్లలో 69 నుంచి 15కి దిగాయి. రెండుచోట్లా కొత్త పిల్లులు వస్తూనే ఉన్నాయి, ఎవరో ఒకరు తెచ్చి వదులుతూనే ఉన్నారు. వచ్చినదాన్ని వచ్చినట్టే పట్టి ఆపరేషన్ చేయించడమే కిటుకు. సగానికి చేయించి ఊరుకుంటే డబ్బు దండగ. 2005లో వేసిన ఓ లెక్క ప్రకారం నూటికి 70 దాటితే గానీ సంఖ్య కిందికి దిగదు.

ఈ రెండు కథల్లో నన్ను ఆకట్టుకున్నది ఆపరేషన్ కాదు, అన్నం పెట్టిన చేతులే బోను కూడా పెట్టడం. రోజూ ఒకే వేళకు, ఒకే చోట తినే పిల్లిని ఎవరైనా లెక్కపెట్టగలరు, ఏది కొత్తదో చెప్పగలరు, ఏది తినడం మానేసిందో గమనించగలరు. మన దగ్గర ఈ రెండూ విడిపోయాయి. పెట్టేవాళ్లు రెండో ఏడాది అమ్మాయిలు. వాళ్లకు బోను ఎక్కడ దొరుకుతుందో తెలియదు. బోను తెప్పించగల పరిపాలనాధికారికి పెట్టేవాళ్లంటే కోపం. నోటీసు బోర్డు మీద ‘పిల్లులకు ఆహారం పెట్టరాదు’ అని వేస్తారు. పెట్టడం ఆగదు, దాక్కుని పెడతారు. నిప్పు తొక్కిన పిల్లిలా అధికారులు తిరుగుతుంటే అసలు పిల్లులు మెట్ల కింద హాయిగా తింటుంటాయి.

ఆరోగ్యం గురించి భయాలు కొన్ని నిజం, కొన్ని గాలివాటం. రేబిస్ మన దేశంలో దాదాపుగా కుక్కకాటుతోనే వస్తుంది, కానీ పిల్లి కాటుతో, రక్కుడుతో కూడా రావచ్చు. ‘మా చింటూగాడు రక్కితే ఏం కాదు’ అనుకోవడం తప్పు. గాయాన్ని సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు టీకా వేయించుకోవాల్సిందే. రక్తం వచ్చిందంటే గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా. టాక్సోప్లాస్మా సంగతి వేరు. పిల్లి మలంలోంచి నేలలోకి చేరే ఈ క్రిమి గర్భిణులకు ప్రమాదం. చాలావరకు పిల్లి జీవితంలో ఒకసారి, ఒకటి నుంచి మూడు వారాలే దాన్ని వదులుతుంది. వదిలిన రోజునే అంటదు, కనీసం ఒక రోజు పక్వానికి రావాలి. ఒళ్లో పెట్టుకున్న విద్యార్థిని కంటే చేతితొడుగుల్లేకుండా మట్టి తవ్వే తోటమాలికి, ఇసక ఎత్తే స్వీపరమ్మకు ఈ సంగతి ముందు చెప్పాలి. వాళ్లకెవరూ చెప్పరు. హాస్టళ్లలో నిజంగా పాకేది తామర. ఒక కూన మూడు గదుల్లో పడుకుంటే పదిహేను రోజుల్లో మూడు గదులూ గోక్కుంటాయి.

పక్షి ప్రేమికుల మాటను తోసేయలేం. అమెరికాలో పిల్లుల వాత పడే పక్షులు ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల దాకా ఉంటాయని 2013లో ఓ అంచనా వచ్చింది. ఆ దేశపు అంకె ఇక్కడ అతకదు గానీ, గోరింక గూళ్లు, ఉడుతలు, తొండలు ఉన్న పాత ఆవరణలో పాతిక పిల్లులంటే వాటికి కష్టకాలమే. డెల్టా అంచుకు వెళ్లేకొద్దీ ఇంకో మాట కలుస్తుంది. నాగాయలంక, కోడూరు వైపు మడ అడవుల్లో, 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యంలో బావురుపిల్లి ఉంది. నీళ్లలో దిగి చేపలు పట్టే ఆ పిల్లి మన ఇంటి పిల్లికి రెండింతలుంటుంది. రెల్లుపొదల్లో, చెరకు తోటల్లో జంగపిల్లి ఉంది. ఇంటిపిల్లి జబ్బులు వీటికి అంటుకోగలవు. స్కాట్లండులో అడవిపిల్లి ఊరపిల్లులతో కలిసిపోయి జాతే కనుమరుగయ్యే దశకొచ్చింది. కాబట్టి హాస్టల్ పిల్లులను ‘ప్రకృతి ఒడిలో’ వదులుతామని కాలవ దిగువకు తీసుకెళ్లేవాళ్లు పుణ్యం చేయడం లేదు.

మున్సిపాలిటీ ఆదుకుంటుందా అంటే, 2001 నాటి సంతాన నియంత్రణ నియమాల పేరులోనే ‘కుక్కలు’ అని ఉండేది. 2023లో వచ్చిన కొత్త నియమాల పేరులోంచి ఆ మాట పోయింది. మన ఊళ్లలో తిరిగే బండి, వల, షెడ్డు మాత్రం కుక్కలవే. అదే 2023 నియమాలు వీధి జంతువులకు తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే జాగాలకు, గుమ్మాలకు, మెట్లకు దూరంగా ఉండాలన్నాయి. హాస్టళ్లలో సగం తగాదాలు దీంతోనే తీరతాయి. ఇక గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల 1998 నుంచీ ఉంది. ఆపరేషన్ నేర్చుకోవాల్సిన విద్యార్థులు అక్కడున్నారు. ఆపరేషన్ కావాల్సిన పిల్లులు ఇరవై కిలోమీటర్ల ఇవతల ఉన్నాయి. మధ్యలో జాతీయ రహదారి ఉంది, బస్సులున్నాయి. ఒక కాలేజీ ప్రిన్సిపాల్ మరో కాలేజీ డీన్‌కి ఉత్తరం రాస్తే మొదలయ్యే పని ఇది. కుక్కల కోసమని కోర్టు పెట్టించిన నోడల్ అధికారి ఎలాగూ ఉన్నారు, వారి ఉత్తర్వులో ‘పిల్లులు’ అని మరో మాట చేర్చితే చాలు.

తేలని చిక్కు సెలవులు. సంక్రాంతికి పది రోజులు, వేసవిలో నెలన్నర మెస్ మూతపడుతుంది. ఓసారి మే నెలలో ఓ హాస్టల్ వంటమనిషిని పిల్లులు ఏమయ్యాయని అడిగాను. “దానికేం తెలుసండీ సెలవులిచ్చారని? ఎనిమిదింటికి వచ్చి ఆ గుమ్మం ముందే కూర్చుంటది. నాలుగు రోజులు చూసి ఎటో పోద్ది. కొన్ని రావు” అన్నాడు. ఆయన ఉండేది పటమట. రెండు రోజులకోసారి సైకిలు మీద వచ్చి చేపల బజార్లో ఏరి తెచ్చిన తలకాయలు వేసి వెళ్తున్నాడు. ఆ ఖర్చు ఏ పద్దులోనూ లేదు. ఆ పిల్లుల్లో ఒక్కదానికీ ఆపరేషన్ కాలేదు.

చేయిద్దామని నలుగురు అమ్మాయిలు మరుసటి ఏడు ముందుకొచ్చారు. డాక్టరు కుదిరారు, డబ్బు పోగయింది, బోను కూడా ఎవరో అరువిచ్చారు. ఆపరేషన్ అయిన ఆడపిల్లిని రెండు రాత్రులు ఎండ తగలని గదిలో ఉంచాలి. విరిగిన బెంచీల షెడ్డు సరిపోతుంది. తాళంచెవి వార్డెన్ దగ్గరుంది. ఆవిడ పరిపాలనాధికారి (ఏ.ఓ.) గారి సంతకం కావాలన్నారు. ఏ.ఓ. గారు ఇది ఎస్టేటు విభాగం చూడాలన్నారు. ఎస్టేటు వాళ్లు పిల్లులు తమ రిజిస్టర్‌లో లేవన్నారు. అయిదో వారానికి ఆ పిల్లి అదే షెడ్డులో, తాళం వేసిన తలుపు కింద సందులోంచి దూరి, నాలుగు పిల్లల్ని పెట్టింది.